తీరరేఖకు శాసనబలము కావలెను

విపత్తులు రెండు విధములు. ఒక రాత్రిలో వచ్చి యూళ్ళను తుడిచిపెట్టునవి కొన్ని. ఏటికి కొన్ని గజముల చొప్పున వచ్చి, ఒక తరము గడచునప్పటికి ఊరే లేకుండ జేయునవి మరికొన్ని. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై ఉప్పెన విరుచుకొని పడినపుడు దేశమంతయు కంట తడిపెట్టినది. బియ్యము, బట్ట, ద్రవ్యము నలుదిక్కులనుండి వచ్చి చేరినవి. అది మన జాతికి గౌరవము. కాని రెండవ విధమైన విపత్తునకు కంట తడిపెట్టువారు లేరు. అది పత్రికల మొదటి పుట కెక్కదు. దానికి సంతాపదినము లేదు, సహాయనిధి లేదు. ఒక యేడు తాటిచెట్లు పడును. మరొక యేడు వలలారవేయు తిన్నె పోవును. ఆపైన గుడిమెట్లు నీట మునుగును. తుదకు ఇల్లు కూలును. ఇట్లు పోయిన యూరి పేరు రెవెన్యూ దప్తరములో నుండును గాని భూమిపై నుండదు.

న్యాయశాస్త్రమున ‘దైవికము’ అను మాట యొకటి కలదు. మానవుడు ముందుగా నెరుగజాలనిదియు, ఎరిగినను తప్పింపజాలనిదియు నగు నష్టమునకు ఎవ్వరును బాధ్యులు కారని దాని తాత్పర్యము. తీరపు కోతను గూర్చి అధికారవర్గము పలుకు పలుకులన్నియు ఈ మాట చాటున దాగునవే. ‘సముద్రము లోపలికి వచ్చినది, మేమేమి చేయుదుము?’ అందురు. ఈ చాటు నేడు చెల్లదని మా దృఢాభిప్రాయము. ఏ తీరము ఎంత వేగముతో వెనుకకు జరుగుచున్నదో కొలుచు సాధనములును, ముప్పది యేండ్లకు అది యెంతవరకు రాగలదో లెక్కించు గణితమును నేడు మన చేతిలో నున్నవి. ముందుగా లెక్కకు వచ్చిన నష్టము దైవికము కాదు, ఉపేక్ష. ఉపేక్షకు బాధ్యుడు తప్పక యుండును.

ఉదాహరణమునకు దూరము పోనక్కరలేదు. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ యున్నది. ఆ యూరి నేతగాండ్ర జామ్‌దానీ చీరలు దేశమంతట ప్రసిద్ధములు. ఆ యూరి మత్స్యకారులు తరతరములుగా బంగాళాఖాతమును నమ్ముకొని జీవించుచున్నారు. నేడు ఆ యూరిని సముద్రము వీధి వెంట వీధిగా మ్రింగుచున్నది. కాకినాడకు బోవు తీరపు బాట తుపాను వచ్చినపుడెల్ల తెగుచున్నది, మరల వేయుచున్నారు, మరల తెగుచున్నది. బండరాళ్ళు పోసిరి. ఇసుక నింపిన పెద్ద వస్త్రగొట్టములతో గోడ కట్టిరి. అలలు వానిని చీల్చి, క్రుంగజేసి, ఊరిమీదికే వచ్చుచున్నవి. ప్రజాధనము సముద్రము పాలగుచున్నది. ఊరును సముద్రము పాలగుచున్నది.

ఉప్పాడకే యీ గతి యేల పట్టినది? దీనిని గ్రహింపవలెనన్న తీరము నొక పద్దుపుస్తకముగా భావింపవలెను. ఇసుక రేవునందలి సొమ్ము. నదులు దానిని జమ చేయును. అలలు దానిని ఒకచోటినుండి మరియొకచోటికి బదిలీ చేయును. నైరృతి ఋతుపవనముల కాలమున అలలు మన తీరము వెంబడి ఇసుకను ఉత్తరముగా నడపును. ఈశాన్య ఋతుపవనముల కాలమున దక్షిణముగా మరలించును. సంవత్సరాంతమున నిలువ తీసిచూచిన, ఉత్తరముగా బోవునదే మన తూర్పుతీరమున అధికము. కనుక ప్రతి యూరి తీరమును దక్షిణపు పొరుగూరినుండి ఇసుక గొనుచు, ఉత్తరపు పొరుగూరికి ఇసుక నిచ్చుచుండును. రాకడయు పోకడయు సమముగా నున్నంత కాలము తీరము నిలుచును. రాకడ తగ్గి పోకడ యథాప్రకారముగా నున్నచో, అలలు అప్పు తీర్చుకొనుటకు ఒడ్డునే త్రవ్వుకొనును. అప్పులవానికి ఇల్లు పోయినట్లు ఊరికి నేల పోవును. గోదావరి తెచ్చిన ఇసుకతో పెరిగి, హోప్ ద్వీపమను పేర సుమారు 16 కిలోమీటర్లు సాగిన తిన్నె కాకినాడ రేవునకు పెట్టనికోట. ఆ తిన్నె ఉత్తరముగా పెరుగుచు, తనకు ఆవలనున్న ఉప్పాడకు రావలసిన ఇసుకను తనలోనే నిలుపుకొనుటయు, అలల దిశను మార్చుటయు ఉప్పాడ కోతకు ముఖ్యకారణములని పరిశోధకులు చెప్పుచున్నారు. కాకినాడకు లాభమైనదే ఉప్పాడకు నష్టమైనది.

ఇది ప్రకృతి చేసిన పంపకము. మానవుడు చేసిన పంపకము ఇంతకంటె కఠినమైనది. నదుల పద్దు మొదట చూతము. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసినది మొదలు గోదావరి మండలమునకు అన్నము దొరికినది. ఆ మేలును కాదనువారు కృతఘ్నులు. పిమ్మట కృష్ణా గోదావరులపైనను వాని యుపనదులపైనను జలాశయములు వెలసినవి. నీటితోబాటు ఒండ్రును వానిలో నిలిచిపోయినది. 2004లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన భూగోళ శాస్త్రజ్ఞులు ప్రకటించిన లెక్క ప్రకారము, 1970-80 దశాబ్దమున గోదావరి యేటేట సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును తెచ్చుచుండగా, 1990-98 నాటికి అది 6 కోట్ల టన్నులకు లోబడినది. అనగా మూడు పాళ్ళలో రెండు పాళ్ళకు చేరువగా పోయినది. 1976 మొదలు 2001 వరకు ఆ నది డెల్టా ముఖమున పెరిగినది పోను తరిగిన నేల సుమారు 1,800 హెక్టారులని వారు తేల్చిరి. వేల సంవత్సరములుగా సముద్రమును వెనుకకు నెట్టి మనకు సీమ నిచ్చిన నది, ఒక తరములో ఆ పని మానుకొనవలసి వచ్చినది. ఎగువ రైతునకు దక్కిన నీటికి ధర చెల్లించినవాడు దిగువ పల్లెకారుడు. అతనిని అడిగినవారు లేరు; అతనికి చెప్పినవారును లేరు.

ఇక రేవుల పద్దు. సముద్రములోనికి అలలకట్ట కట్టినచో దానికి దక్షిణమున ఇసుక పేరుకొనును, ఉత్తరమున ఒడ్డు కోసుకొనిపోవును. ఇది క్రొత్త సంగతి కాదు. 1875లో చెన్నపట్టణపు కృత్రిమ రేవునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట దక్షిణమున మెరీనా యిసుక విశాలముగా పెరిగినది; ఉత్తరమున రాయపురము కోతకు గురియైనది. విశాఖపట్టణమున 1933లో రేవు తెరచునాటికి ఇంజనీరులు ఈ పాఠము నెరిగియుండిరి. రెండు పాత ఓడలను ముంచి అలలకట్టగా నిలిపి, ఇసుకకు ఉచ్చు పన్ని, దానిని త్రవ్వి ఉత్తరమునకు పంపు నేర్పాటు చేసిరి. 1976లో వెలుపలి రేవు వెలసిన పిమ్మటను రామకృష్ణా బీచికి త్రవ్వుపడవలతో ఇసుక చేర్చుట ఆచారమైనది. ఆ పంపకము సరిగా జరుగని యేడు పట్టణపు బీచి యెట్లుండునో విశాఖ వాసుల నడిగిన చెప్పుదురు. మన యానాము ఏ పరిపాలనలో నున్నదో ఆ పుదుచ్చేరి పట్టణమున 1989లో రేవునకు అలలకట్టలు కట్టిన పిమ్మట, ఆ పట్టణపు సొగసైన ఇసుకతీరము క్రమముగా మాయమై రాళ్ళగుట్ట మిగిలినది. ఇటీవల నీటిలోపల దిబ్బను నిర్మించి కొంత ఇసుకను మరల రప్పించుకొనగలిగిరి. నూటయేబది యేండ్ల అనుభవము ఒకే పాఠమును మరల మరల చెప్పుచున్నది. విననిది మనమే.

తీరమెపుడును కదలుచునే యుండునుగదా, దీనికింత ఆందోళనమేల యని కొందరందురు. నిజమే. కాకతీయ గణపతిదేవుడు నావికులకు అభయశాసన మిచ్చిన మోటుపల్లి నేడు ఓడల రేవు కాదు. ఒకప్పుడు నౌకానిర్మాణమునకు పేరుగాంచిన కోరంగికి నేడు పెద్ద ఓడలు రాలేవు. కాని ఆ మార్పులు శతాబ్దములమీద వచ్చినవి; వానిని తెచ్చినది నది, కాలము. నేటి మార్పు దశాబ్దములలో వచ్చుచున్నది. దానిలో మన కట్టడముల పాలు గలదు. ముసలితనమున చచ్చుటయు విషప్రయోగమున చచ్చుటయు చావే యైనను, రెండవదానికి న్యాయస్థానము కలదు.

ఇక గణితమునకు వత్తము. శాస్త్రజ్ఞులు పాత సర్వే పటములను, 1972 మొదలు ఉపగ్రహములు తీసిన చిత్రములను ఒకదానిపై నొకటి పరచి, ఒక్కొక్క సంవత్సరపు తీరరేఖను గీయుదురు. తీరము పొడవున కొలది దూరములకు అడ్డగీతలు గీసి, ప్రతి గీతపైనను రేఖ యెంత జరిగినదో కొలుతురు. ముప్పది యేండ్లలో 60 మీటర్లు వెనుకకు వచ్చినచో ఏటికి 2 మీటర్లని యొక లెక్క. ఇది సులభమైనదే గాని మోసపుచ్చునది. ఆ 60 మీటర్లలో 40 మీటర్లు, పొరుగున గోడ కట్టిన తరువాతి ఐదేండ్లలోనే పోయియుండవచ్చును. అట్టిచో రాబోవు ఐదేండ్లకు 10 మీటర్లని చెప్పుట ప్రజలను వంచించుటయే. కనుక మొదలును తుదిని మాత్రము గాక నడుమనున్న రేఖలన్నిటిని లెక్కకు తెచ్చు పద్ధతులు వచ్చినవి. వానకాలపు తీరమును వేసవి తీరముతోను, పోటునాటి రేఖను పాటునాటి రేఖతోను పోల్చరాదను జాగ్రత్తలు వచ్చినవి.

జాతీయ తీర పరిశోధన కేంద్రమువారు 1990 మొదలు 2018 వరకు దేశపు ప్రధాన భూభాగపు తీరమును ఇట్లు కొలిచిరి. నూటికి సుమారు 34 పాళ్ళు కోతకు గురియగుచున్నదనియు, 27 పాళ్ళు పెరుగుచున్నదనియు, తక్కినది నిలుకడగా నున్నదనియు తేల్చిరి. ఆంధ్రతీరమున కోత నూటికి సుమారు 29 పాళ్ళు. పెరుగుదల సగమునకు చేరువ. ఈ సంఖ్యలను చూపి ‘మన తీరము పెరుగుచునే యున్నది’ అని సంతోషించు పెద్దలు లేకపోలేదు. ఒక యింట పిండివంటలు వండి పొరుగింట పస్తున్నచో, సగటున ఇరువురును భుజించిరని చెప్పుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఒకచోట పెరిగిన ఇసుకమేట మరొకచోట కూలిన యింటికి బదులు కాదు. ఆ మేట ప్రభుత్వమున కగును. ఈ నష్టము బీదవాని కగును.

సంఖ్యల విషయమున మరియొక హెచ్చరిక. దేశపు తీరము పొడవు 7,516 కిలోమీటర్లని చిరకాలము చదువుకొంటిమి. ఇటీవల దానిని 11,098 కిలోమీటర్లని సవరించిరి. ఆంధ్రతీరము 974 నుండి 1,053 కిలోమీటర్లకు పెరిగినది. సముద్రము మనకు క్రొత్త సీమ నీయలేదు. వంపులను సందులను మరింత సూక్ష్మముగా కొలుచుటచే పొడవు పెరిగినది. కొలబద్ద మారిన కొలత మారునని దీనివలన తెలియుచున్నది. కనుకనే తీరమును ఎవరు కొలిచిరి, ఏ పద్ధతిని కొలిచిరి, ఎన్ని మీటర్ల తప్పునకు అవకాశమున్నది అను సంగతులు సంఖ్యతోబాటు ప్రజలకు చెప్పవలెను.

జరిగినదానిని కొలుచుట యొక యెత్తు, జరుగబోవుదానిని చెప్పుట మరియొక యెత్తు. 1956లో పెల్నార్ కాన్సిదేర్ అను ఫ్రెంచి ఇంజనీరు, తీరమును ఒక్క రేఖగా భావించి, ఇసుక రాకపోకల తేడానుబట్టి ఆ రేఖ ముందు వెనుకలకు జరుగునని సమీకరణము వ్రాసెను. కట్టకు ఒకవైపు మేటయు, మరియొకవైపు కోతయు ఎన్ని యేండ్లకు ఎంతవరకు వ్యాపించునో దానినిబట్టి చెప్పవచ్చును. నేటి యంత్రగణకముల నమూనాలలో పెక్కు ఆ మూలమునుండి పెరిగినవే. 1962లో పేర్ బ్రూన్ అను డేనిష్ ఇంజనీరు సముద్రమట్టపు పెరుగుదలకును ఇసుకతీరపు వెనుకంజకును సంబంధమును చూపెను. సామాన్యముగా మట్టము ఒక మీటరు పెరిగిన తీరము 50 మొదలు 100 మీటర్లు వెనుకకు పోవునని ఆ సూత్రపు ఫలితము. 1901కిని 2018కిని నడుమ ప్రపంచ సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినదనియు, 2006 తరువాత ఏటికి సుమారు 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినదనియు 2021లో అంతర్జాతీయ వాతావరణ పండిత సంఘము ప్రకటించినది. వ్రేలి వెడల్పు పెరిగిన నీరు వాకిలి వెడల్పు నేలను దోచును.

ఈ గణితము తప్పరానిదని మేము చెప్పుట లేదు. బ్రూన్ సూత్రము అన్ని తీరములకు వర్తింపదని శాస్త్రజ్ఞులే వాదించుచున్నారు. 2020లో, ఈ శతాబ్దాంతమునకు ప్రపంచపు ఇసుకతీరములలో సగమునకు చేరువగా అంతరించిపోవచ్చునని యొక పండితబృందము వ్రాయగా, వెనుకకు జరుగుటకు చోటున్న తీరము అంతరింపదు, చోటు మార్చుకొనునని వేరొక బృందము ఖండించినది. వివాదమున్నది. ఐన వివాదమున్నదని చేతులు ముడుచుకొని కూర్చుండవచ్చునా? నేరవిచారణలో సందేహమునకు తావులేని రుజువు కావలెను. సివిలు వ్యాజ్యెములో సంభావ్యతల బలాబలములే చాలును. ఉప్పాడ ఇల్లు సివిలు వ్యాజ్యెమువంటిది. రాబోవు ఇరువది యేండ్లలో ఒక వీధి పోవునా, మూడు వీధులు పోవునా యని నమూనాలు భేదింపవచ్చును గాక. మొదటి వీధి పోవునని అన్నియు నేకముఖముగా చెప్పునపుడు, ఆ వీధివారికి చెప్పకుండుట యే న్యాయము? ఆనకట్ట కట్టు ఇంజనీరు రాబోవు వరదను గణితముతోనే కదా ఊహించుచున్నాడు! రేవు కట్టుటకు పనికివచ్చిన గణితము ఊరు కాచుటకు పనికిరాదా?

మేమిపుడు అసలు కీలకమునకు వచ్చితిమి. లెక్క యున్నది, దానికి శాసనబలము లేదు. 1991 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము తీరమండల నియంత్రణ ప్రకటనము చేసి, పోటురేఖ నుండి 500 మీటర్లవరకు కట్టడములను అదుపులోనికి తెచ్చినది. 2011 జనవరిలో దానిని మార్చి క్రొత్తగా ‘ఆపదరేఖ’ యను భావమును ప్రవేశపెట్టినది. పోటుపాటులు, అలలు, సముద్రమట్టపు పెరుగుదల, తీరరేఖ మార్పు, వీని నన్నిటిని గణించి, సముద్రము ఎంతవరకు రాగలదో అంతవరకు గీత గీసి, ఆ గీతనుబట్టి హద్దులు నిర్ణయింపవలెనని దాని సంకల్పము. గణితము శాసనమున కెక్కిన శుభఘడియ యది. కాని 2019 జనవరి ప్రకటనములో ఆ రేఖను హద్దులు నిర్ణయించు స్థానమునుండి దింపి, విపత్తు నిర్వహణ ప్రణాళికలకు సాధనముగా మాత్రము మిగిల్చిరి. అదే ప్రకటనము, జనసాంద్రత చదరపు కిలోమీటరునకు 2,161కి మించిన తీరగ్రామములలో కట్టడములు కూడని మేరను 200 మీటర్లనుండి 50 మీటర్లకు తగ్గించుటకు దారి తీసినది. సముద్రము ముందుకు వచ్చుచుండగా శాసనము వెనుకకు పోయినది.

మరియొక చిక్కు. తీవ్రముగా కోతకు గురియగు తీరములలో, దేశరక్షణాదులకు తప్ప, రేవులు కట్టరాదని నియమము కలదు. వినుటకు బాగుగనే యున్నది. కాని ‘తీవ్రమైన కోత’ యనునది గడచిన యేండ్ల కొలత. నిలుకడగా నున్న తీరమున రేవు కట్టిన, ఆ రేవే ఉత్తరపు పొరుగూరిని కోతకు గురిచేయును. నేరము జరిగిన పిమ్మటనే కాని ఆ యూరు పట్టిక కెక్కదు. నిలుకడ తీరమును చూపి యనుమతి పొందినవాడు పొరుగువాని నష్టమునకు ఉత్తరవాది కాడు. గతమును కొలుచు లెక్క మాత్రమే శాసనమున నుండి, భవిష్యత్తును గణించు లెక్క నివేదికలలో నుండిపోవుట యొక్క ఫలమిది. ఆ నివేదికలైనను ప్రజలకు చేరునా? 2006 నాటి నియమముల ప్రకారము ప్రజాభిప్రాయ సేకరణమునకు సంగ్రహము మాత్రమే ప్రాంతీయ భాషలో నీయవలెను. ఇసుక ఎటు పోవునో చెప్పు పుటలన్నియు ఇంగ్లీషున నుండును. తన యిల్లు పోవునని వ్రాసిన కాగితమును ఇంటివాడు చదువలేడు.

ఆస్తి విషయమును చూడుడు. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణ శాసనము, పోటురేఖకు దిగువనున్న సముద్రగర్భము ప్రభుత్వపు సొత్తని చెప్పినది. రేఖ కదలిన హద్దు కదలును. నిన్న పల్లెకారుని పట్టాభూమి నేడు పోటురేఖకు దిగువ పడిన, అతనికి మిగులునది పట్టా. ప్రభుత్వమునకు చేరునది భూమి. రోడ్డునకు భూమి గొన్న పరిహారము కలదు. సముద్రమునకు భూమి పోయిన పరిహారము లేదు. ఆ సముద్రమును ఆవైపునకు మరలించినది ప్రభుత్వమే కట్టిన కట్టయైనను లేదు. 2015లో కేంద్రము ప్రకటించిన విపత్తు సహాయ నియమముల పట్టికలో తుపాను, కరవు, భూకంపము, వడగండ్లు మొదలగునవి కలవు. సముద్రపు కోత లేదు. పదునైదవ ఆర్థిక సంఘము ఈ లోపమును గుర్తించి, 2021-26 కాలమునకు కోత నివారణకు 1,500 కోట్ల రూపాయలు, కోతచే నిరాశ్రయులైనవారి పునరావాసమునకు 1,000 కోట్లు సిఫారసు చేసినది. ఇది దేశమంతటికి, నదులకు సముద్రమునకు కలిపి. చాలదనుట నిజమే. ఐనను కోతచే ఇల్లు పోయినవాడు సహాయార్హుడను ధర్మము తొలిసారి యంగీకృతమైనది. ఒడిషాలో కేంద్రపడ జిల్లా సతభాయా ప్రాంతమున ఊళ్ళు ఒకటి వెనుక నొకటి సముద్రమున గలిసిన పిమ్మట, మిగిలినవారిని బాగపటియాకు తరలించిరి. ఊళ్ళు పోయిన పిమ్మట తరలించుటకును, పోవునని తెలిసి ముందే తరలించుటకును గల భేదము ఆ యూళ్ళవారికి బాగుగ దెలియును.

రేవులు వలదని మేము చెప్పుచున్నామని యెవ్వరు పొరబడరాదు. ఈ దశాబ్దమున రామాయపట్టణము, మచిలీపట్టణము, మూలపేటలయందు రేవుల నిర్మాణము లారంభమైనవి. ఉప్పాడ, నిజాంపట్టణము, జువ్వలదిన్నె మొదలగుచోట్ల చేపల రేవులకు 2020లో పునాదులు వేసిరి. ఆంధ్రదేశమునకు నౌకావాణిజ్యము కావలెను. మత్స్యకారునకు పడవ నిలుపుకొను చోటు కావలెను. మా ప్రశ్న యొక్కటే. రేవు లాభము లెక్కించు పుస్తకమున ఉత్తరపు ఊళ్ళకు పోవలసిన ఇసుక పద్దు కలదా? దానికి కర్చు వ్రాసిరా? వ్రాయనిచో ఆ రేవు లాభము నిజమైన లాభము కాదు, పొరుగువాని గోడ త్రవ్వి కట్టిన మేడ.

హాలెండు దేశమును చూడుడు. సముద్రమట్టమునకు దిగువనున్న నేలపై నివసించు ఆ జాతి 1990లో నొక తీర్మానము చేసినది. ఆ నాటి తీరరేఖను కొలిచి, దానినే మూలరేఖగా నిర్ణయించి, తీరము దానికి వెనుకకు జరుగకుండ చూచుట ప్రభుత్వ విధియని స్థిరపరచుకొనినది. ఏటేట తీరమంతయు కొలుతురు; రేఖ దాటుచున్నదని కనబడినచోట ఇసుక చేర్తురు. 2001 మొదలు ఏటికి సుమారు 1 కోటి 20 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను చేర్చుట వారి పద్ధతియైనది. వారికి ధనము కలదు, మనకు లేదందురు. ఇసుక చేర్చుటకు ధనము కావలెను. కొలుచుటకును, కొలిచినది చెప్పుటకును, చెప్పినదానికి కట్టుబడుటకును కావలసినది ధనము కాదు, ధర్మబుద్ధి. రాళ్ళు పోసి, అవి క్రుంగిన మరల పోసి, మనము చేయుచున్న వ్యయమును లెక్కించిన కొలత కర్చు యెంత?

కావున మేము కోరునవి ఇవి. మొదటిది, 2011 నాటి ఆపదరేఖకు హద్దులు నిర్ణయించు శాసనబలమును మరల నీయవలెను. ఐదేండ్లకొకసారి దానిని క్రొత్త కొలతలతో సవరింపవలెను. రెండవది, ప్రతి తీరగ్రామపు పంచాయితీ కార్యాలయమున ఆ యూరి తీరపటము తెలుగున వ్రేలాడవలెను: నేటి రేఖ, పదియేండ్ల క్రిందటి రేఖ, ఇరువది యేండ్లకు రాగల రేఖ, ఆ యూహలో తప్పునకు గల మేర. మూడవది, రేవునకుగాని అలలకట్టకుగాని అనుమతి నిచ్చుటకు ముందు దాని రెండు ప్రక్కల ఊళ్ళ ఇసుక పద్దును గణించి తెలుగున ప్రకటింపవలెను. దక్షిణమున నిలిచిన ఇసుకను ఉత్తరమునకు చేర్చు భారము రేవు యజమానిదే కావలెను. ఆ నమూనాను పరీక్షించువాడు రేవు యజమానియొద్ద జీతము గొనువాడు కారాదు. నాలుగవది, జలాశయములనుండి నీటి వాటాలు తేల్చునపుడు ఒండ్రు వాటాను గూడ తలపవలెను. ఐదవది, నిలుపరాని యూరిని నిలుపుదుమని మాట యిచ్చి మోసపుచ్చక, ముందుగా చెప్పి, ఊరివారి సమ్మతితో, వేటకు వీలగు దూరమున, కలసికట్టుగ నొకేచోట నివాసములు కల్పింపవలెను. సముద్రమునుండి పది మైళ్ళ దూరమున ఇల్లిచ్చుట మత్స్యకారునకు పునరావాసము కాదు, ప్రవాసము.

ప్రభుత్వమును కోరి ఊరకుండుట చాలదు. ప్రజలకును పని కలదు. తీరగ్రామముల యువకులు కదలని గుర్తు నొకదానిని, బడిగోడనో రాతికంబమునో యెన్నుకొని, వానకాలమునకు ముందొకసారి, తరువాత నొకసారి, పోటురేఖవరకు త్రాడుతో కొలిచి తేదీతో పుస్తకమున వ్రాసియుంచవలెను. పదియేండ్ల యట్టి పుస్తకము ఏ న్యాయస్థానమునందైనను సాక్ష్యముగా నిలువగలదు. ఏ నమూనానైనను సరిచూడగలదు. కళాశాలల గణిత భూగోళ విద్యార్థులు వారికి తోడు పోవలెను. ఏ చెట్టు ఎన్నడు పడినదో, ఏ బావి ఎన్నడు ఉప్పైనదో ముసలి పల్లెకారుల నడిగి వ్రాసికొనవలెను. ఉపగ్రహము 1972కు పూర్వము చూడలేదు. వారి తండ్రులు చూచిరి. మన సేవాదళములు తుపాను తరువాత గంజికేంద్రములు నడుపుటలో పేరు గాంచినవి. తుపానునకు ముందు త్రాడు పట్టుటయు దేశసేవయే యని గ్రహింపవలెను.

దేశమనగా పటముపై గీతయని మనలో పెక్కురి భావము. ఉత్తరమున ఒక గజము నేల పరుల పాలైనచో సభలు జరుపుదుము, ఊరేగుదుము, అది ధర్మమే. తూర్పున ఏటేట గజముల కొలది నేల సముద్రము పాలగుచుండ మౌనము వహించుట యేల? అచటి పౌరుడు బీదవాడగుటచేతనా? అతని యూరికి చరిత్రకారుడు లేకపోవుటచేతనా? సరిహద్దును కాచుట ప్రభుత్వపు ప్రథమ విధియైనచో, ఆంధ్రదేశపు తూర్పు సరిహద్దు ఇసుకతో గీచినది. దానిని కాచుటకు తుపాకి పనికిరాదు. కొలబద్దయు, కొలతను మన్నించు శాసనమును కావలెను. కొలబద్ద సిద్ధముగా నున్నది. శాసనము ఎప్పుడు?